రోహిణి ఎండలో పెరటి తోట



మన తిరుపతిలో గంగజాతర మే నెలలో జరుగుతుంది. జాతర అయ్యేటప్పటికి ఎండ ముదురుతుంది. పల్లెల్లో బావులు అడుగంటుతాయి. బోరు కాసేపు పోసి ఆగిపోతుంది. మధ్యాహ్నానికి పెరట్లో చెట్లు తల వాలుస్తాయి. అప్పుడు చాలామంది ఒక మాట అంటారు.

“ఇంక వాన పడినాకే చూద్దాంలే.”

ఈ మాట మనం అందరం అన్నదే. అది సరైన మాటేనా? ఈ పాఠంలో చూద్దాం.

వాన దాకా ఆగితే ఏమవుతుంది?

మన వైపు తొలకరి వాన మామూలుగా జూన్ నెల మొదట్లో వస్తుంది. అంటే మృగశిర కార్తె వేళకు. వాన పడినాక మనం విత్తనం కోసం వెతుకుతాం. పక్కింటి అక్కను అడుగుతాం. సంతలో కొంటాం. జూన్ 10న వంకాయ నారు పోశామనుకుందాం. నారు ఎదగడానికి ఒక నెల కావాలి. నాటినాక కాపు రావడానికి ఇంకో రెండు నెలలు పడుతుంది. అంటే సెప్టెంబరు 10 దాకా మన పెరటి వంకాయ కూరలోకి రాదు.

అదే నారు మే 15న పోస్తే? జూన్ మధ్యలో వాన తడికి నాటవచ్చు. ఆగస్టు 15కు కాయ కోయవచ్చు. దాదాపు ఒక నెల ముందే కూర మన చేతికి వస్తుంది.

ఒక నెలలో ఏముంది అంటారా? ఆ నెలే మనకు కష్టమైన నెల. జూలై, ఆగస్టు నెలల్లో సేద్యానికి పెట్టుబడి పెట్టి ఉంటాం. బడి తెరిచి ఉంటారు. పిల్లలకు పుస్తకాలు, సంచులు కొని ఉంటాం. చేతిలో డబ్బు ఉండదు. అంగట్లో చూస్తే కూరగాయల ధర మండిపోతుంది.

మదనపల్లె సంగతి మనకు తెలుసు. టమేటాకు అది పెద్ద మార్కెట్టు. అక్కడి నుంచి లారీలు దూరదేశాలకు పోతాయి. ఒక్కొక్క ఏడు కిలో రెండు మూడు రూపాయలకు కూడా కొనేవాళ్లు ఉండరు. రైతులు కాయలను రోడ్డు పక్కన పారబోస్తారు. కానీ 2023 జూలైలో అదే మదనపల్లెలో కిలో టమేటా 100 రూపాయలు దాటింది. టమేటా పండించే సీమలోనే కూలి చేసే ఆడవాళ్లు టమేటా కొనలేకపోయారు. చింతపండు పులుసుతో సరిపెట్టుకున్నారు.

మార్కెట్టు ధర మన చేతిలో లేదు. పెరడు మన చేతిలో ఉంది.

పెరటి కూరకూ మన రక్తానికీ సంబంధం

నడిస్తే ఆయాసం. మెట్లు ఎక్కితే గుండెదడ. కళ్లు తిరగడం. పని చేయబుద్ధి కాకపోవడం. “ఏముందిలే, ఎండదెబ్బ” అనుకుంటాం. చాలాసార్లు అది రక్తం తక్కువ కావడం వల్ల వస్తుంది. దీన్నే రక్తహీనత అంటారు.

2019-21లో దేశమంతా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. అంటే పదిమంది ఆడవాళ్లు కూర్చుంటే అందులో ఆరుగురు. మీ సంఘంలో ఎంతమంది ఉన్నారు? ఒకసారి లెక్క వేసి చూడండి.

ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. మునగాకు, తోటకూర, గోంగూర తింటే ఒంటికి మంచిది. కంటిచూపుకు కావలసిన సత్తువ కూడా వాటిలో ఉంది. ఆకు తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకుంటే, లేదా టమేటా వేసి వండుకుంటే, ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. టీ కాసేపు ఆగి తాగండి.

ఒక మాట మరవకండి. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఆకుకూర ఒక్కటే చాలదు. ఏఎన్‌ఎం అమ్మను అడిగి రక్తపరీక్ష చేయించుకోండి. ఆమె ఇచ్చిన మాత్రలు మానకుండా వేసుకోండి.

ఒక మనిషి రోజుకు ఎంత కూర తినాలి? హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆకులు, కాయలు, దుంపలు కలిపి ఒక మనిషికి రోజుకు 400 గ్రాములు కావాలని ఆ సంస్థ 2024లో చెప్పింది. నలుగురున్న ఇంటికి ఎంత కావాలి?

400 + 400 + 400 + 400 = 1,600 గ్రాములు.

అంటే ఒక కిలో 600 గ్రాములు. అంత మనం రోజూ కొంటున్నామా? కొన్నా, మన పళ్లెంలోకి ఎంత వస్తుంది? మగవాళ్లకు, పిల్లలకు వడ్డించినాక అడుగున మిగిలిందే కదా మనకు! పెరట్లో కూర ఉంటే ఇంకో గుప్పెడు ఆకు కోసి వేయవచ్చు. అప్పుడు మన పళ్లెంలోకీ వస్తుంది.

నీళ్లు ఏవి?

ఇదే అసలు ప్రశ్న. ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఇట్లా మాట్లాడుకుంటున్నారు. చదవండి.

అత్త: ఏం అమ్మీ, ట్యాంకరు వచ్చి మూడు దినాలయింది. తాగేదానికే నీళ్లు లేవు. నువ్వు చెట్లకు పోస్తాండావా?

కోడలు: తాగే నీళ్లు కాదత్తా. బియ్యం కడిగిన నీళ్లు.

అత్త: ఆ చెంబుడు నీళ్లు ఏ మూలకే?

కోడలు: ఒక్క చెంబు కాదత్తా. నిన్న పొద్దున నుంచి లెక్క పెట్టినా. చెంబుకు ఒక గీత. అదో, గోడ మీద బొగ్గుతో గీసినా చూడు.

అత్త: నాకేం తెలుసు ఆ గీతలు? నువ్వే చెప్పు.

కోడలు: బియ్యం కడిగినవి 4 చెంబులు. కూరగాయలు కడిగినవి 3. గిన్నెలు కడిగినవి 15. చేతులు కాళ్లు కడిగినవి 8. అన్నీ కలిపితే 30 చెంబులు. రెండు బిందెలు!

అత్త: అబ్బా! ఇన్నాళ్లూ రెండు బిందెల నీళ్లు వాకిట్లో పారబోస్తా ఉన్నామా?

కోడలు: పారబోసినామా, దోమలకు పోసినామా అత్తా!

అత్త: సరేలే. రేపటి నుంచి నా కాళ్లు కూడా ఆ వంకాయ చెట్టు కాడనే కడుక్కుంటా.

చూశారా! తాగే నీళ్లు చెట్లకు పోయమని ఎవరూ చెప్పడం లేదు. ఒకసారి పని చేసిన నీళ్లకు రెండో పని చెప్పాలి. అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక చెంబు ఒక లీటరు అనుకుందాం. మొదట్లో ఆకు కప్పిన వంకాయ చెట్టుకు రోజుకు ఒకటిన్నర లీటరు పోద్దాం. 30 లీటర్లు ఎన్ని చెట్లకు వస్తాయి? 20 చెట్లకు. నలుగురు తినే ఇంటికి 20 చెట్లు తక్కువేమీ కాదు.

ఏ నీళ్లు పోయవచ్చు? ఏవి పోయకూడదు?

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఏ చెట్టుకైనా పోయవచ్చు. ఉప్పు వేసి ఉడకబెట్టిన నీళ్లు పోయకూడదు. బూడిదతో గాని, కొంచెం సబ్బుతో గాని గిన్నెలు తోమిన నీళ్లను అరటికి, టెంకాయ చెట్టుకు, మునగకు వదలవచ్చు. ఆకుకూరల మీద పోయవద్దు. బట్టలు ఉతికిన సోడా నీళ్లు, పిల్లల మలం బట్టలు కడిగిన నీళ్లు కూరగాయలకు అసలు వద్దు.

గిన్నెలు తోమే చోట ఒక చిన్న గుంత తీయండి. అడుగున గులకరాళ్లు, పైన ఇసుక వేయండి. గుంత పక్కన అరటి పిలక నాటండి. నీళ్లు నిలవవు. దోమలు పెరగవు. అరటి పెరుగుతుంది.

కుండ చేసే సాయం

నీళ్లు తక్కువ ఉన్నచోట కుండ పద్ధతి బాగా పనిచేస్తుంది. చైనా దేశంలో రెండు వేల ఏళ్ల కిందటే ఈ పద్ధతి ఉండేదని పాత పుస్తకాల వల్ల తెలుస్తుంది. మనం మట్టి కుండలో నీళ్లు పోస్తే కుండ పైన చెమట పడుతుంది కదా. అదే దీని కిటుకు.

రంగు వేయని మట్టి కుండ ఒకటి తీసుకోండి. మెడ దాకా మట్టిలో పూడ్చండి. చుట్టూ జానెడు దూరంలో మూడు నాలుగు మొక్కలు పెట్టండి. కుండలో నీళ్లు నింపండి. మూకుడు మూయండి. కుండ మెల్లగా చెమ్మను వదులుతుంది. వేర్లు ఆ చెమ్మను తాగుతాయి. పైన మట్టి పొడిగానే ఉంటుంది. అందువల్ల గడ్డి కూడా తక్కువగా మొలుస్తుంది. రెండు మూడు రోజులకు ఒకసారి మూత తీసి చూసి, తగ్గినంత నింపితే చాలు.

మూత మాత్రం మరవకూడదు. మూత లేని కుండలో దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ జ్వరం తెచ్చే దోమ ఇట్లాంటి మంచినీళ్లలోనే పెరుగుతుంది.

నీళ్లు ఎప్పుడు పోయాలి? పొద్దు ఎక్కక ముందు గాని, పొద్దు గూకినాక గాని పోయాలి. మిట్టమధ్యాహ్నం పోస్తే సగం ఆవిరి అయిపోతుంది. రోజూ పైపైన చిలకరించడం కన్నా, రోజు మార్చి రోజు వేరు దాకా దిగేటట్టు పోయడం మేలు.

నేలకు దుప్పటి, చెట్టుకు నీడ

ఎండలో మనం తల మీద కొంగు కప్పుకుంటాం. నేలకూ కప్పు కావాలి. శెనక్కాయ పొట్టు, ఎండిన చెరకు ఆకు, వరిగడ్డి, రాలిన ఆకులు, ఏది దొరికితే అది చెట్టు పాదులో మూడు వేళ్ల మందాన పరచండి. నేల చల్లగా ఉంటుంది. పోసిన నీళ్లు ఎక్కువ సేపు నిలుస్తాయి. వాన కాలానికి ఆ ఆకే కుళ్లి ఎరువు అవుతుంది.

కాండానికి మాత్రం ఆకు ఆనించవద్దు. నాలుగు వేళ్ల ఎడం వదలండి. మన ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ. చెదలు కనిపిస్తే ఆ ఆకు తీసివేసి, పాదులో వేపపిండి గుప్పెడు కలపండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఎండాకాలం తేళ్లు, పాములు చల్లదనానికి ఆకు కింద చేరతాయి. చేయి పెట్టక ముందు కర్రతో కదిలించండి.

పడమటి ఎండ చాలా చెడ్డది. పడమటి పక్క నాలుగు కర్రలు పాతి టెంకాయ మట్టలు కట్టండి. పాత చీర కట్టినా చాలు. నారుమడికి ఈ నీడ తప్పకుండా ఉండాలి.

ఏ చెట్టును కాపాడాలి? ఏది వదిలేయాలి?

నీళ్లు తక్కువ ఉన్నప్పుడు అన్నిటినీ కాపాడలేం. ఎంచుకోవాలి.

కరివేపాకు, మునగ, నిమ్మ ఏళ్ల తరబడి ఉండే చెట్లు. చిన్నవి ఉంటే వాటికి ముందు పోయండి. ఒక్క ఎండాకాలం దాటితే అవి నిలదొక్కుకుంటాయి.

తర్వాత వంకాయ. పాత వంకాయ చెట్టు ఎండిపోయినట్టు ఉన్నా వేరు బతికే ఉంటుంది. దాన్ని పీకి పొయ్యిలో పెట్టకండి. రోజూ కొంచెం నీళ్లతో ప్రాణం నిలపండి. తొలకరి వాన పడినాక మోకాలి కిందికి కత్తిరించండి. పురుగు పట్టిన కొమ్మలు కాల్చేయండి. పాదులో పశువుల ఎరువు వేయండి. కొత్త చిగుళ్లు వస్తాయి. కొత్త నారు కన్నా ముందే అది కాపుకు వస్తుంది. తెగులు పట్టి ఆకులు మరీ చిన్నవై గుబురుగా మారిన చెట్టు మాత్రం పనికిరాదు. దాన్ని పీకేయండి.

టమేటా పూత రాలిపోతుంటే బాధపడకండి. అది మీ తప్పు కాదు. ఎండ 38, 40 డిగ్రీలకు పోతే టమేటా పూత నిలవదు. చెట్టు ముసలిదైతే నీళ్లు దానికి దండగ. ఆ నీళ్లు నారుమడికి పోయండి.

కాపు అయిపోయిన బెండ, మటిక చెట్లు తీసేయండి. ఆ మడిని జానెడు లోతు తవ్వి ఎండకు వదలండి. పెల్లలు తిరగేయండి. మట్టిలో దాక్కున్న పురుగులు, వాటి గుడ్లు, వేరుకు పట్టే నులిపురుగులు ఎండకు చాలావరకు చచ్చిపోతాయి. ఈ పని ఎండ ఖర్చు లేకుండా చేసిపెడుతుంది. వాన పడినాక చేయాలంటే కుదరదు.

విత్తనానికి పరీక్ష

మనం చదువుకున్నాం. పరీక్ష అంటే ఏమిటో తెలుసు. విత్తనానికి కూడా పరీక్ష పెట్టాలి.

డబ్బాలో దాచిన బెండ విత్తనాలు 10 లెక్కపెట్టి తీయండి. తడిపి పిండిన గుడ్డలో వరసగా పెట్టి చుట్టండి. నీడలో ఉంచండి. గుడ్డ ఆరకుండా చూడండి. వారం లోపల విప్పి, మొలకలు లెక్కపెట్టండి.

7 కన్నా ఎక్కువ మొలిస్తే మంచి విత్తనం.
5, 6 మొలిస్తే ఒక గుంతలో రెండు గింజలు వేయండి.
4 కన్నా తక్కువ మొలిస్తే వేరే విత్తనం చూసుకోండి.

ఈ పరీక్ష రోహిణి కార్తె లోపలే చేయాలి. వాన పడినాక మొలవని విత్తనం వేసి పది రోజులు ఎదురుచూస్తే, ఆ తడి మళ్లీ రాదు.

విత్తనం ఎవరు దాచాలి? మన అవ్వల కాలంలో ఆ పని ఆడవాళ్లదే. సొరకాయ బుర్రలో, బూడిద కలిపి, వేపాకు వేసి దాచేవాళ్లు. ఉట్టి మీద, పొయ్యి పైన వేలాడదీసేవాళ్లు. పొగకు పురుగు పట్టేది కాదు. ఇప్పుడు కూడా ఆ పని చేసే ఆడవాళ్లు ఉన్నారు. తెలంగాణలో జహీరాబాదు దగ్గర పస్తాపూరులో దక్కను అభివృద్ధి సంస్థ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల సంఘాల ఆడవాళ్లు ఎన్నో రకాల పాత విత్తనాలు దాచుకున్నారు. వాళ్లలో చాలామంది పేదవాళ్లు, దళితులు. వాళ్ల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. గింజ దాచడం చిన్న పని కాదని ప్రపంచం ఒప్పుకుంది.

మీరు కూడా ఒక పని చేయండి. బాగా కాసిన చెట్టు మీద, తెగులు లేని కాయను ఒకటి రెండు వదిలేయండి. బాగా పండనివ్వండి. గింజ తీసి నీడలో ఆరబెట్టండి. సీసాలో వేసి, చీటీ మీద పేరు, నెల, సంవత్సరం మీ చేత్తో రాసి అతికించండి. సంకర విత్తనం కొని వేసిన చెట్టు గింజ దాచవద్దు. దాని పిల్ల చెట్లు తల్లి లాగ కాయవు.

వానకు ముందే విత్తనం

పొడి నేలలో విత్తనం వేస్తారా? వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుస్తోంది. రైతు సాధికార సంస్థ దీన్ని పొదుపు సంఘాల ఆడవాళ్లతో కలిసి నడుపుతోంది. వానకు ముందే నవధాన్యాలు విత్తే పద్ధతిని 2018 నుంచి పొలాల్లో చేస్తున్నారు. పెరట్లో కూడా చేసుకోవచ్చు.

తోటకూర, గోంగూర, మటిక, అలసంద, బెండ విత్తనాలు తీసుకోండి. పేడనీళ్లు కొంచెం చల్లండి. మెత్తటి బంకమట్టి, బూడిద పైన చల్లి చేత్తో కదపండి. గింజకు చొక్కా తొడిగినట్టు మట్టి పట్టుకుంటుంది. నీడలో ఆరబెట్టండి. తవ్వి ఉంచిన మడిలో రోహిణి కార్తెలో విత్తండి. పైన పలచగా ఆకు కప్పండి. మట్టి పూత వల్ల చీమలు, పిట్టలు గింజను ఎత్తుకుపోవడం తగ్గుతుంది. వాన పడిన మొదటి తడికే మొలక వస్తుంది. తోటకూర అయితే మొలిచిన నెల లోపలే కోతకు వస్తుంది.

అదే తడికి నేల మీద చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు వాటంతట అవే మొలుస్తాయి. కలుపు అని పీకి పారేయకండి. సంగటిలోకి పప్పుతో కలిపి ఎనిపితే ఎంత రుచి! వాటిని మనం పెంచలేదు. విత్తనం కొనలేదు.

చెట్లకు బలం కావాలంటే జీవామృతం చేసుకోవచ్చు. పొలానికి 200 లీటర్లు చేస్తారు. పెరటికి 10 లీటర్లు చాలు.

నీళ్లు 10 లీటర్లు
పేడ అర కిలో
ఆవు పంచితం అర లీటరు
బెల్లం 100 గ్రాములు
ఉలవ పిండి లేదా శెనగ పిండి 100 గ్రాములు
గట్టు మీది మట్టి గుప్పెడు

బకెట్టులో కలిపి గోనెసంచి కప్పి నీడలో పెట్టండి. పొద్దున, సాయంత్రం కర్రతో కలపండి. రెండు రోజులకు తయారవుతుంది. ఒక చెంబుకు పది చెంబుల నీళ్లు కలిపి పాదులో పోయండి. వారం లోపల వాడేయండి.

రాలే వేపకాయలు ఏరండి

ఎండాకాలం చివర వేపచెట్టు కింద పండ్లు రాలుతాయి. మనం తొక్కుకుంటూ పోతాం. అవి పెరటి తోటకు మందు. పండ్లు ఏరి గుజ్జు కడిగేయండి. గింజలు నీడలో ఆరబెట్టి దాచుకోండి.

వంకాయ చెట్టుకు తెల్లటి పిండినల్లి పట్టిందా? బెండాకుల కింద తెల్లదోమ, పేనుబంక కనిపించాయా? 50 గ్రాముల వేపగింజల పప్పు దంచండి. ఒక లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున గుడ్డతో వడకట్టండి. చిటికెడు సబ్బుపొడి కలిపి, సాయంత్రం పూట ఆకుల కింద పడేటట్టు చల్లండి. వారానికి ఒకసారి చల్లితే పురుగు అదుపులో ఉంటుంది.

పొలంలో కొట్టే పురుగుమందు మిగిలిందని పెరట్లో కొట్టకండి. సాయంత్రం కోసి, రాత్రి వండుకుని తినే కూర ఇది. పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

పెరడు లేనివాళ్లు ఏం చేయాలి?

తిరుపతిలో బాడుగ ఇంట్లో ఉండేవాళ్లకు పెరడు ఎక్కడిది? చిల్లులు పెట్టిన పాత బియ్యం సంచి, పగిలిన బకెట్టు, పాత డబ్బా, ఏదైనా చాలు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు పశువుల ఎరువు కలిపి నింపండి. మిద్దె మీద పెడితే కింద రెండు ఇటుకలు పెట్టండి. లేకపోతే మిద్దె వేడికి వేరు ఉడికిపోతుంది. జానెడు లోతు సంచిలో ఆకుకూర వస్తుంది. మూరెడు లోతు సంచిలో వంకాయ, మిరప వస్తాయి. సొర తీగను మిద్దె మీదికి పాకించవచ్చు. ఇంటి ఓనరును ముందే అడగండి. మొదటి సొరకాయ వాళ్ల ఇంటికి పంపండి. రెండోసారి అడగాల్సిన పని ఉండదు!

ఏ కార్తెలో ఏ పని?

కృత్తిక కార్తె (మే 11 నుంచి): వంకాయ, మిరప, టమేటా నారు టెంకాయ చిప్పల్లో గాని, చిన్న మడిలో గాని పోయాలి. చిప్పకు అడుగున చిల్లు పెట్టాలి. పైన నీడ వేయాలి. ఖాళీ మడి తవ్వి ఎండబెట్టాలి.

రోహిణి కార్తె (మే 25 నుంచి): విత్తనాలకు పరీక్ష పెట్టాలి. మట్టి పూసిన విత్తనాలు విత్తాలి. వేపకాయలు ఏరాలి. పాదులకు ఆకు కప్పాలి.

మృగశిర కార్తె (జూన్ 8 నుంచి): వాన తడికి నారు నాటాలి. సొర, బీర, కాకర, గుమ్మడి గింజలు పాదుల్లో పెట్టాలి. పాత వంకాయ కత్తిరించాలి.

ఆరుద్ర కార్తె (జూన్ 22 నుంచి): మునగ కొమ్మలు, కరివేపాకు మొక్కలు నాటాలి. చిక్కుడు, అనప గింజలు పెట్టాలి. అవి చలికాలానికి కాస్తాయి.

ఈ తేదీలు ఒక రోజు అటూ ఇటూ ఉంటాయి. పని రోజుకు అరగంట కన్నా ఎక్కువ ఉండదు. అది కూడా మన ఒక్కరి పని కాదు. కర్రలు పాతేది, మడి తవ్వేది ఇంట్లో మగవాళ్లు చేయవచ్చు. నీళ్లు పోసేది పిల్లలు చేయవచ్చు. తినేది అందరూ కదా!

లెక్క చేయండి

1. ఒక ఇంట్లో వారానికి 200 రూపాయల కూరగాయలు కొంటారు. అందులో సగం పెరట్లోనే దొరికితే వారానికి ఎంత మిగులుతుంది? 4 వారాలకు ఎంత? సంవత్సరంలో 52 వారాలు ఉంటాయి. మొత్తం ఎంత?

2. మీ ఇంట్లో ఒక రోజు వాడి పారబోసే నీళ్లు చెంబులతో కొలవండి. చెంబుకు ఒక గీత గీయండి. మొత్తం రాయండి.

3. విత్తనాలు 10 మూటకట్టారు. 8 మొలిచాయి. 100 విత్తనాలు వేస్తే ఎన్ని మొలుస్తాయి?

సంఘంలో మాట్లాడండి

మీ ఊళ్లో ఎండాకాలం నీళ్ల కోసం ఎవరు ఎంత దూరం పోతారు? ఆ నీళ్లు మోసేవాళ్లకు ఇంట్లో కూర ఎంత దొరుకుతుంది?

మీ ఊళ్లో పాత రకం వంకాయ, సొర, చిక్కుడు విత్తనం ఎవరి దగ్గర ఉంది? ఒక పుస్తకంలో వాళ్ల పేరు, విత్తనం పేరు రాసుకోండి. పొదుపు డబ్బు లాగే విత్తనం కూడా తీసుకుని, కాసినాక రెండింతలు తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టుకోవచ్చా?

తెగులు సంగతి, విత్తనం సంగతి తెలియకపోతే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. తిరుపతిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, వ్యవసాయ కళాశాల కూడా ఉన్నాయి. అడగడానికి సిగ్గు పడకండి. వాళ్లు చెప్పింది మీరే రాసుకుని రండి.

రాయండి

మా పెరట్లో ఇప్పుడు బతికి ఉన్న చెట్లు: ....................

రోహిణి కార్తెలో నేను వేయబోయే విత్తనాలు: ....................

మొదటి కూర కోసిన తేదీ: ....................

మూడో గీత మీద రాయడానికి ఇంకా టైము ఉంది. మొదటి గీత మీద ఈ రోజే రాయండి.